రెండేళ్లు నలిగిన నక్క వేషం: ఏది నిలిచింది, ఏది ఊడింది

తను రాసుకున్న కథలోని నక్క వేషం కావాలని మా అమ్మాయి పట్టుబట్టినప్పుడు దానికి ఎనిమిదేళ్లు. కొనిస్తే ఒప్పుకోదట, తనే కుట్టాలట. ఇద్దరం కూర్చుని కుట్టి ఇప్పటికి రెండేళ్లు. అది వేసుకుని గంతులేసింది, నిద్రపోయింది. పదిసార్లకు పైనే ఉతికాం. కాబట్టి ఇది కుట్టిన మర్నాటి మురిపెం కాదు.

ముందు బొచ్చు గుడ్డ గురించి. చెవులకూ తోకకూ అదే వాడాం, బుద్ధొచ్చింది. కత్తెరతో మామూలుగా కోశాను. బొచ్చు కూడా తెగి అంచంతా గొరిగినట్టయింది. తిరగేసి గీత గీసుకుని, బ్లేడు మొనతో వెనకున్న గుడ్డను మాత్రమే చీల్చాలట. అది తెలిశాక కోసిన రెండో చెవికి బొచ్చు వాలు చూసుకోలేదు. ఒకే గుడ్డలోంచి తీసినా రెండు చెవులూ రెండు రంగుల్లా కనబడతాయి. "ఒకటి ఎండలో ఉంది, ఇంకోటి నీడలో ఉంది" అని మా అమ్మాయే నాకు సర్దిచెప్పింది. ఆ బొచ్చు సోఫా కింద ఇప్పటికీ దొరుకుతోంది.

ఫెల్ట్ మాత్రం బంగారం. నేసిన గుడ్డ కాదు, పీచుని అదిమి చేసింది కనక అంచుల్లో పోగులూడవు, మడిచి కుట్టే పనే లేదు. ముక్కు, తెల్ల బుగ్గలు తనే కోసి తనే కుట్టింది. ఉతికాక కాస్త ఉండలు కట్టింది, అంతే. పాలియెస్టర్ ఫెల్ట్ మీద వేడి ఇస్త్రీపెట్టె మాత్రం పెట్టకండి. మా నక్కకి ఒక బుగ్గ అలాగే ముడుచుకుపోయింది.

అసలు కథ కుట్లది. ఒంటి భాగమంతా సాగే బనీను గుడ్డ. కుడి పక్క నేను మిషన్ మీద గీత గీసినట్టు కుట్టాను. ఎడమ పక్క తను చేత్తో, ప్రతి కుట్టుకీ సూదిని ఒకింత వెనక్కి తెస్తూ, వదులుగా, వంకరటింకరగా వేసింది. రాత్రి అది పడుకున్నాక విప్పి సరిచేద్దామనుకున్నాను, నిజం చెప్పాలంటే. తొడుక్కుని చేతులు పైకెత్తగానే టప్‌మంది. తెగింది నాది! గుడ్డ సాగింది, నా దారం సాగలేదు. దాని కుట్టు గుడ్డతోపాటు సాగి ఊరుకుంది. తర్వాత మిషన్‌కి మొండి మొన సూది వేసి సన్న జిగ్‌జాగ్ కుట్టాను, అది ఇప్పటికీ ఊడలేదు.

మిషన్ దాని చేతికిచ్చే ముందు, పాత సూదితో, దారం ఎక్కించకుండా కాగితం మీద గీతల వెంట నడిపించాను. రెండు రోజుల్లో చేయి కుదిరింది.

మాస్కు వద్దు, టోపీయే మేలు. మాస్కులో కంటి రంధ్రాలు పక్కకి జరిగి గుమ్మానికి గుద్దుకుంది. తోకని మొదట ప్యాంటుకే కుట్టేశాం, బరువుకి ప్యాంటు జారిపోయింది. వెడల్పాటి ఎలాస్టిక్ బెల్టుకి మార్చాక ఏ బాధా లేదు. మెడ దగ్గర తాడు ముడి కాకుండా వెల్‌క్రో పెట్టాం, ఎక్కడైనా చిక్కుకుంటే దానంతటదే ఊడొస్తుందని. దాని గరుకు వైపు తోక బొచ్చుకి తగలకుండా ఉతకాలి, లేకపోతే ఉండచుట్టుకుపోతుంది.

ఇప్పుడు టోపీ తలకి పట్టడం లేదు. ఈసారి గుడ్లగూబట. ఈకలన్నీ ఫెల్ట్‌తోనే కోస్తున్నాం. పక్క కుట్లు రెండూ తనే వేస్తుందట, నాకు మిషన్ బాబిన్‌కి దారం చుట్టే పని ఇచ్చింది.