కబ్సా, వైట్ సాక్సా? షికాగోలో ఏ మ్యాచ్‌కి వెళ్లాలి

కబ్స్, వైట్ సాక్స్ రెండూ షికాగో బేస్‌బాల్ జట్లే. ముందే చెప్పేస్తున్నా, నేను సాక్స్ మనిషిని. అయినా ఉన్నది ఉన్నట్టే చెప్తాను.

రైలు: రెండూ రెడ్ లైన్ మీదే. కబ్స్‌కి అడిసన్‌లో దిగాలి, సాక్స్‌కి 35వ వీధి దగ్గర.

ఖర్చు: మామూలుగా కబ్స్ టికెట్టే ఎక్కువ. అదే డబ్బుకి సాక్స్ దగ్గర ఇంకా ముందు వరసలో కూర్చోవచ్చు.

కారు: కబ్స్ ఆడే రిగ్లీ ఫీల్డ్ చుట్టూ ఇళ్లే. పార్కింగ్ టెన్షన్‌తోనే మొదటి ఇన్నింగ్స్ అయిపోతుంది. సాక్స్‌కి పెద్ద పార్కింగ్ స్థలాలున్నాయి.

మైదానం: ఇక్కడ మాత్రం ఓటమి ఒప్పుకోవాలి. 1914 నాటి రిగ్లీలో అవుట్‌ఫీల్డ్ గోడంతా ఐవీ తీగే. బంతి అందులో ఇరుక్కుంటే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తేస్తాడు, బ్యాటర్‌కి రెండో బేస్ దక్కుతుంది. పాత స్కోరుబోర్డు మీద అంకెలు ఇప్పటికీ మనుషులే మారుస్తారు. మాది 1991లో తెరిచింది. సౌకర్యంగా ఉంటుంది, అంతే.

గుండెకోత: 2024లో మావాళ్లు 121 మ్యాచ్‌లు ఓడారు. కబ్స్ వాళ్లు నవ్వుతారు, 1908 తర్వాత మళ్లీ టైటిల్ కోసం 2016 దాకా ఆగినవాళ్లు! మాకు 2005లోనే వచ్చింది. టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్‌లో 1906లో ఎదురుపడినప్పుడూ గెలిచింది మేమే.

ఊరు చూడ్డానికి ఒక్కరోజు వచ్చినవాళ్లు రిగ్లీకే వెళ్లండి. పిల్లలతో, కారులో, ఖర్చు చూసుకుని వచ్చేవాళ్లకి సాక్స్. రెండు జట్లూ తలపడే రోజైతే ఎక్కడైనా సరే, టికెట్ ముందే కొనుక్కోండి.