లిఫ్ట్ మెకానిక్ హెల్మెట్‌లో బ్లూటూత్: వైజాగ్ రోడ్ల మీద నా రివ్యూ

ఈ హెల్మెట్ హెడ్‌సెట్ నేను పాటల కోసం కొనలేదు. లిఫ్టుల సర్వీసింగ్ నా పని. ఇల్లు గోపాలపట్నంలో, సైట్లు మాత్రం ఊరంతా: సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, ఎండాడ, మధురవాడ, ఇటు వస్తే గాజువాక, కూర్మన్నపాలెం. పగలు సగం బండి మీదే గడుస్తుంది. పని మీద నాకు వచ్చే ఫోన్లు రెండే రకాలు. "కాంట్రాక్ట్ రెన్యువల్ బిల్లు ఎప్పుడు పంపుతారు" అనేది ఒకటి. గంట ఆగి మాట్లాడినా కొంప మునగదు. "సార్, మా అత్తగారు నాలుగో ఫ్లోర్‌కీ ఐదో ఫ్లోర్‌కీ మధ్య ఇరుక్కుపోయారు" అనేది రెండోది. జేబులో ఫోన్ మోగితే అది ఏ రకమో తెలిసే దారి లేదు. మోగిన ప్రతిసారీ బండి పక్కకి తీసి, గ్లవ్ విప్పి, హెల్మెట్ తీసి చూస్తే సగం ఫోన్లు లోన్ ఇస్తామనేవాళ్ళవే.

మన ఊళ్ళో చాలామంది దీనికి కనిపెట్టిన ఉపాయం చెంపకీ హెల్మెట్‌కీ మధ్య ఫోన్ దోపేయడం. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర నిలబడితే ఎంతమందైనా కనిపిస్తారు. దానికి నేను పూర్తిగా వ్యతిరేకం. పడితే ఆ ఫోన్ దవడలో దిగుతుంది. మెడ ఒక పక్కకి వాలిపోయి అటువైపు అద్దం కూడా కనపడదు.

కొన్నది మూడు వేల లోపు చైనా సెట్టు. పేరు రాయను, రాసినా ఉపయోగం లేదు, అదే డబ్బా నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. హెల్మెట్ ఎడమ పక్కన తగిలించే చిన్న డబ్బా, లోపల పెట్టుకునే రెండు 40 మిల్లీమీటర్ల స్పీకర్లు, రెండు రకాల మైకులు, టైప్-సి ఛార్జింగ్. కడ్డీలా వంగే మైకు నోటి దగ్గర తెరిచి ఉండే హెల్మెట్లకి. బొత్తాంలా ఉండే వైరు మైకు నాలాంటి ఫుల్‌ఫేస్ వాళ్ళకి, గడ్డం దగ్గర లోపల అతికించుకోవాలి.

బిగించడం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ సెట్లు బాగాలేవని తిట్టేవాళ్ళలో ఎక్కువమందికి స్పీకరు చెవి మీద లేదు. హెల్మెట్ పెట్టుకున్నాక చెవి రంధ్రం ఎక్కడికొస్తుందో సరిగ్గా అక్కడే స్పీకరు మధ్యభాగం ఉండాలి. అర అంగుళం వెనక్కి జరిగిందంటే సౌండ్ సగం పోతుంది, వెంటనే మనం వాల్యూమ్ పెంచేస్తాం. చెవికీ స్పీకరుకీ మధ్య ఖాళీ ఉంటే డబ్బాలో వచ్చే మెత్తని బిళ్ళల్లో ఒకటి వెనక పెట్టి ముందుకు తేవాలి. మరీ ముందుకొస్తే ఇసుకతోట దాటకముందే చెవి తమ్మె మండిపోతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఇంకో బాధ, జోడు కాడ స్పీకరు కింద నలుగుతుంది.

మా ఏరియా షాపు కుర్రాడు నా పాత హెల్మెట్ చూసి, "లోపల థర్మోకోల్ కొంచెం గీకేద్దాం సార్, సెట్ అయిపోద్ది" అన్నాడు. చాకు కూడా తీశాడు. వద్దని హెల్మెట్ లాక్కున్నాను. దెబ్బ తగిలినప్పుడు నలిగి తలని కాపాడేది ఆ థర్మోకోలే. దాన్ని గీకడం, పెంకుకి స్క్రూ కోసం కన్నం పెట్టడం అంటే ఐఎస్ఐ మార్కు ఉన్న హెల్మెట్‌ని చేతులారా పాడుచేసుకోవడం. చెవి దగ్గర స్పీకరు కోసం ముందే గుంట ఉన్న హెల్మెట్లు ఇప్పుడు మధ్యరకం ధరలోనే దొరుకుతున్నాయి. నేను అదే కొని, డబ్బాని క్లాంపుతో బిగించాను.

ఇక పనితనం. ఎన్ఏడీ జంక్షన్ నుంచి కంచరపాలెం మీదుగా ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు, అంటే నలభై లోపు స్పీడులో, అవతలివాళ్ళ మాట ఇంట్లో కూర్చుని విన్నంత స్పష్టంగా ఉంటుంది. నా మాటా వాళ్ళకి బాగానే వెళ్తుంది, మధ్యలో ఆటోల హారన్లు తప్ప. హనుమంతవాక దాటి హైవే మీద అరవై తాకగానే కథ మారుతుంది. గాలి హోరు నా చెవిలోనే కాదు, మైకులోకీ దూరుతుంది. వాళ్ళది నాకు సగం, నాది వాళ్ళకి ముక్కలు ముక్కలు. డబ్బా మీద నాయిస్ క్యాన్సిలేషన్ అని పెద్దక్షరాలతో ఉంటుంది కానీ అది అవతలివాళ్ళ కోసం మైకులో చేసే వడపోత, నా చెవికి గాలి తగ్గించేది కాదు. ఇది చాలామందికి తెలీక మోసపోయామనుకుంటారు. ఈ ధరలో ఆ వడపోత కూడా అంతంతమాత్రమే.

బీచ్ రోడ్డు ఇంకా దారుణం. రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే కుడివైపు సముద్రం. మధ్యాహ్నం తిరిగాక గాలి అడ్డంగా కొడుతుంది, స్పీడు యాభై దాటకపోయినా కుడి చెవిలో ఒకటే హోరు. ఒకసారి తొట్లకొండ దగ్గర ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ, "ఏవండీ, సైట్‌కి వెళ్తున్నారా, సముద్రంలోకి దిగారా?" అంది.

కాల్స్ గురించి నా తీర్పు ఇది. ఎవరు, ఎందుకు అన్న రెండు మాటలకి ఇది బంగారం. అంతకుమించి వాడకూడదు. ఇరుక్కుపోయిన కేసయితే "తలుపు ఎవరూ బలవంతంగా లాగొద్దు, లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉండండి, ఊపిరాడకపోవడం లాంటిదేం ఉండదు" అని చెప్పి, బండి పక్కన ఆపి, దగ్గర్లో ఉన్న మా కుర్రాడికి ఫోన్ చేస్తాను. బండి ఆపకుండా మాట్లాడితే ఏమవుతుందో నాకు తెలుసు. చేతులు హ్యాండిల్ మీదే ఉంటాయి, కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి, బుర్ర మాత్రం ఐదో ఫ్లోర్‌లో ఉంటుంది. సింధియా నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు లారీల మధ్య వచ్చేటప్పుడు సెట్టు ఆఫ్ చేసేస్తాను, ఎంత పెద్ద కస్టమర్ అయినా సరే.

పాటల విషయానికొస్తే, బేస్ ఆశించొద్దు. స్పీకరు చెవిలో దూరి మూసేసేది కాదు, పక్కన ఆనుకుని ఉంటుంది, అందుకే బయటి హారన్ వినపడుతుంది. అది లోపం కాదు, అలాగే ఉండాలి. పాత పాటలు, ప్రవచనాలు, క్రికెట్ కామెంటరీ హాయిగా వినొచ్చు. కాల్ రాగానే పాట ఆగిపోయి, సౌండ్ పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా సన్నబడుతుంది. సెట్టు చెడిపోయిందని కంగారుపడొద్దు, బ్లూటూత్‌లో పాటలకి ఒక దారి, కాల్స్‌కి ఇంకో దారి ఉంటాయి, ఆ రెండోది ఇరుకు. అసలు భయపడాల్సింది వాల్యూమ్‌కి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలకి మించి వింటే చెవికి చేటని చెప్తారు. హైవే స్పీడులో గాలి హోరు ఒక్కటే ఆ గీత దాటేస్తుంది. దాని మీద వినపడేంత పాట పెడితే ఇక చెప్పేదేముంది. అందుకే హైవే ఎక్కితే నాకు పాట ఉండదు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మ్యాప్ దారి చెప్పడం. ఇది నేను ఊహించలేదు. మధురవాడ, పీఎం పాలెం లోపల లేఅవుట్లలో ఒకే పేరుతో రెండేసి అపార్ట్‌మెంట్లు ఉంటాయి. ఫోన్‌ని హ్యాండిల్‌కి తగిలించి చూస్తూ పోయే బదులు, జేబులోనే ఉంచి చెవిలో "200 మీటర్లలో ఎడమకి" అని వింటూ పోవడం ఎంత సుఖమో. ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీద ఏ కొమ్మ పట్టుకోవాలో కొత్తవాళ్ళకి ముందుగా చెప్తే చాలు, సెట్టు డబ్బులు వచ్చేసినట్టే.

పోలీసుల సంగతి చాలామంది అడుగుతారు. 2023లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడిపితే 20 వేలు జరిమానా అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఆ 20 వేల మాట నిజం కాదని రవాణా శాఖే చెప్పాల్సి వచ్చింది. మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్‌లో 2019 సవరణతో చేర్చింది చేత్తో పట్టుకునే ఫోన్ వాడకాన్ని. మొదటిసారి దొరికితే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, జైలు కూడా ఉండొచ్చు. హెల్మెట్‌కి బిగించిన సెట్టు చేతిలో ఉండదు నిజమే, కానీ మాటల్లో పడి అడ్డదిడ్డంగా నడిపితే అదే సెక్షన్ డేంజరస్ డ్రైవింగ్ కింద మెడకి చుట్టుకుంటుంది. నన్ను సిరిపురం దగ్గర ఒకసారి ఆపారు. డబ్బా చూసి "ఇదేటి, కెమెరానా?" అని అడిగి పంపేశారు.

ఇద్దరు ముగ్గురు కలిసి బళ్ళ మీద తిరిగేవాళ్ళ లెక్క వేరు. మా బావమరిది, వాడి స్నేహితుడూ మెష్ సెట్లు వాడతారు, అంటే బండి మీంచి బండికి నేరుగా మాట్లాడుకునే ఇంటర్‌కమ్‌లో ఒక రకం. అరకు వెళ్ళినప్పుడు వాళ్ళది ఒకటి నా హెల్మెట్‌కి పెట్టారు. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాక ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల పోతుంది. ఈ ఇంటర్‌కమ్‌కి మాత్రం సిగ్నల్‌తో పని లేదు, సెట్టు నుంచి సెట్టుకే మాట. ముందున్నవాడు "బావా, బస్సు వస్తోంది, ఎడమకి ఉండు" అంటే మలుపు తిరగకముందే నాకు తెలిసిపోయింది. మామూలు బ్లూటూత్ ఇంటర్‌కమ్ గొలుసులా పనిచేస్తుంది, మధ్య బండి దూరమైతే వెనకవాడు తెగిపోతాడు. మెష్‌లో ప్రతి సెట్టూ అందుబాటులో ఉన్న ఇంకో సెట్టుని పట్టుకుంటుంది, విడిపోయినవాడు దగ్గరికి రాగానే తనంతట తనే కలుస్తాడు. అయితే డబ్బా మీద రాసే కిలోమీటర్లు అడ్డం లేని మైదానంలో కొలిచినవి. అనంతగిరి మలుపుల్లో కొండ అడ్డొస్తే మెష్ అయినా నోరు మూసుకుంటుంది. కొరియా సేనా, ఇజ్రాయెల్ కార్డో లాంటి పెద్ద కంపెనీల మెష్ సెట్లకి ధర బాగా ఎక్కువ. మన బెంగళూరు బ్లూఆర్మర్ వాళ్ళవి అంతకన్నా తక్కువలో ఉన్నాయి. ఒంటరిగా ఊళ్ళో తిరిగే నాలాంటివాడికి ఇవేవీ అక్కర్లేదు.

మన్నిక దగ్గర నా చైనా సెట్టుకి మార్కులు తగ్గిస్తున్నాను. వానకి తట్టుకుంటుందన్నారు, తట్టుకుంది కూడా. దాన్ని దెబ్బతీసింది ఉప్పుగాలీ చెమటా. ఛార్జింగ్ కన్నానికి ఉన్న రబ్బరు మూత వదులైపోయి, లోపల పచ్చగా చిలుము పట్టింది. ఇప్పుడు కేబుల్ ఒక కోణంలో పెడితేనే ఛార్జ్ ఎక్కుతుంది. వారంటీ అని అడిగితే అమ్మినవాళ్ళ దగ్గర సమాధానం లేదు. మే నెలలో హెల్మెట్‌ని అద్దానికి తగిలించి ఎండలో వదిలేస్తే బ్యాటరీకి మంచిది కాదు, నేను డబ్బాని ఊడదీసి బ్యాగులో వేసుకుంటాను. స్పీకర్ల మీది గుడ్డ చెమటకి కంపు కొడుతుంది, ఉతికేలా ఊడి వచ్చేది ఉంటే అదే తీసుకోండి.

కొనేవాళ్ళు మీ హెల్మెట్ షాపుకి పట్టుకెళ్ళండి. పెట్టి బిగించాక అక్కడే కుర్చీలో కూర్చుని "హలో హలో" అంటే ఏమీ తెలీదు. షాపువాడు ఒప్పుకుంటే హైవే మీద ఒక చుట్టు తిరిగి, ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి ఎలా వినపడుతోందో అడగండి. గ్లవ్ వేసుకుని మీటలు నొక్కి చూడండి, కొన్నిటికి మీట ఎక్కడుందో వేలికి తెలీదు. మైకు మీద తొడిగే స్పాంజి విడిగా అమ్ముతారో లేదో కూడా అప్పుడే అడిగి, రెండు ఎక్కువ తీసుకోండి. నాది కొమ్మాది దగ్గర ఎక్కడో ఊడి పడిపోయింది, దాని కొలతది ఊళ్ళో ఎక్కడా దొరకలేదు.