ఫెనిటాయిన్ లెవెల్ టెస్టు: అంకె ఇచ్చారు, మాత్ర వేసుకున్న టైమేది?

కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర్లో ఒక ల్యాబు ఉంది. ఫెనిటాయిన్ మూర్ఛకు వాడే మందు, ఎప్టాయిన్ దాని బ్రాండు పేరు. అది వాడేవాళ్లకు రక్తంలో ఫెనిటాయిన్ ఎంతుందో చూసిస్తారు. శాంపిలు ఇక్కడ తీసి హైదరాబాదుకు పంపుతారు, మర్నాడు సాయంత్రానికి రిపోర్టు ఫోనుకొస్తుంది. తెల్లారి ఆరున్నరకే షట్టర్ తీయడం పెద్ద మేలు. ఈ టెస్టుకు పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తమివ్వాలి. ఎర్రమూత ట్యూబులోనే తీస్తారు. జెల్ ఉన్న ట్యూబైతే ఆ జెల్ కొంత మందును పీల్చుకుని లెవెల్ తక్కువ చూపించొచ్చు. ఇక్కడి టెక్నీషియన్లకు అది తెలుసు.

లోటంతా కౌంటర్ దగ్గరే. చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, డోసు ఏ రోజు మార్చారు అని అడగరు. రిపోర్టులో 10–20 (మిల్లీలీటరుకు మైక్రోగ్రాములు) అని నార్మల్ రేంజి, పక్కన ఒక అంకె, తక్కువుంటే బోల్డులో ‘లో’. అంతే. అది చూసి ఎవరైనా 300 మిల్లీగ్రాముల డోసును నేరుగా 400 చేస్తే కొంప మునుగుతుంది. ఫెనిటాయిన్‌ను కరిగించే కాలేయ ఎంజైములు మామూలు డోసుకే దాదాపు నిండిపోతాయి. కేసీ కాలువ నిండుగా పారుతున్నప్పుడు సుంకేసుల దగ్గర ఇంకాస్త వదిలితే ఏమవుతుంది? గట్టు దాటుతుంది. ఇక్కడా అంతే, 10 ఉన్న లెవెల్ 20 దాటిపోతుంది. కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. తాగొచ్చాడనుకుంటారు పాపం. అందుకే ఈ దశలో డాక్టర్లు 25, 50 చొప్పునే పెంచుతారు. లెవెల్ కుదురుకోవడానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది కాబట్టి డోసు మార్చిన తేదీ లేని రిపోర్టు సగం రిపోర్టే.

ఇంకొకటి, ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీను. ఈ మందులో 90 శాతం దానికే అతుక్కుని తిరుగుతుంది, పనిచేసేది మిగిలిన పదో వంతు. ఆల్బుమిన్ బాగా తగ్గి 2 (డెసిలీటరుకు గ్రాములు) ఉన్న మనిషికి లెవెల్ 8 వచ్చిందనుకోండి. దాన్ని సరిచూసే లెక్క ఇదీ: 2ను 0.2తో గుణించి 0.1 కలిపితే 0.5. ఎనిమిదిని దాంతో భాగిస్తే 16. అంటే ‘లో’ కానే కాదు! అదే రక్తంలో ఆల్బుమిన్ కూడా చూడమని మీరే అడగాలి. ల్యాబువాళ్లు చెప్పరు.

టీబీ మందులు వాడుతుంటే అదీ చెప్పండి. ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్‌ను పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. మూర్ఛకే ఇచ్చే మరో మందు లెవిటిరాసెటమ్ వాడేవాళ్లకు మామూలుగా లెవెల్ టెస్టు అక్కర్లేదు. అది ఎక్కువగా మూత్రంలోనే పోతుంది, కిడ్నీ పనితీరు చూపించుకుంటే చాలు.

ఈ ల్యాబుకు నా మార్కులు ఐదుకు మూడు. వెళ్లేముందు డాక్టరు చీటీ మీద చివరి మాత్ర టైము, డోసు మార్చిన తేదీ మీ చేత్తోనే రాసుకెళ్లండి.