తెలుగు వెబ్‌సైట్‌కి ఏ ఫాంట్ జోడీ మేలు?

కడపలో బండల వ్యాపారం చేసే ఒకన్నకి ఈమధ్య వెబ్‌సైట్ చేసిచ్చాను. ఎర్రగుంట్ల వైపు నుంచి నల్ల నాపరాయి తెప్పించి, పాలిష్ పట్టించి బెంగళూరు, చెన్నై దాకా లారీలకెత్తుతాడు. సైట్ తెరిచిన సాయంత్రమే ఫోను. “ఏం తమ్ముడూ, సంపదించండి అని రాసినావేంది? నేను బండలమ్ముకునేవాణ్ని, చీటీలు నడిపేవాణ్ని కాదు.”

నేను రాసింది ‘సంప్రదించండి’. బటన్ ఎత్తేమో ఇంగ్లిష్ ‘కాంటాక్ట్’ కొలతలోనే ఉండిపోయింది. దాంతో ‘ప’ కింద ఉండాల్సిన ర ఒత్తు సగానికి తెగిపోయింది. నా లాప్‌టాప్‌లో బాగానే ఉంది, ఆయన ఫోన్లో మాత్రం అర్థమే మారిపోయింది. అప్పటి నుంచి ఫాంట్ ఎంచేటప్పుడు అక్షరం అందం కంటే ముందు దాని కింద ఏం వేలాడుతోందో చూస్తున్నాను.

ఇంగ్లిష్ అక్షరం పైకి కొంచెం, కిందికి కొంచెం పోతుంది, అంతే. మనకు పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు. ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ రాసి చూడండి. రెడీమేడ్ టెంప్లేట్లలో లైన్ ఎత్తు సాధారణంగా అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్ల దగ్గర ఉంటుంది, హెడ్డింగులకైతే ఇంకా తక్కువ. ఆ కొలతలో పై లైన్ ఒత్తు కింది లైన్ గుడి మీద కూర్చుంటుంది. తెలుగు పేరాకి 1.7 నుంచి 1.8, హెడ్డింగుకి కనీసం 1.4 ఇస్తేగానీ నాకు నిద్ర పట్టదు. ఇది చేయకుండా ఏ ఫాంట్ పెట్టినా దండగే.

ఇక జోడీ సంగతి. డిజైన్ పాఠాల్లో మొదట చెప్పేది, హెడ్డింగ్ సెరిఫ్‌లో పెట్టు, పేరా సాన్స్‌లో పెట్టు, లేదా తిరగేసి పెట్టు అని. సెరిఫ్ అంటే అక్షరం కాళ్ల చివర ఉండే చిన్న గీతలు. అవి లేనిది సాన్స్. తెలుగు అక్షరానికి కాళ్లెక్కడివి? గుండ్రంగా దొర్లిపోయే అక్షరాలు మనవి. (పాత తెలుగు అక్షరం ఎలా ఉండేదో చూడాలంటే మన కడప జిల్లా కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం చూడొచ్చు. క్రీ.శ. 575 ప్రాంతానిదని అంచనా, ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో అన్నిటికంటే పాతదంటారు. ఆ అక్షరాలు ఇప్పటివాళ్లకు ఓ పట్టాన అంతుపట్టవు, అది వేరే కథ.) తెలుగులో తేడా చూపేవి మూడు: తలకట్టు ఆకారం, గీతలో లావు సన్నం, ఫాంట్‌లో ఎన్ని మందాలు (మామూలు, బోల్డ్ లాంటివి) ఉన్నాయి అన్నది. నోటో సెరిఫ్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు అనే రెండు ఫాంట్లు పక్కపక్కన పెడితే మొదటిదాంట్లో గీత సన్నబడి లావవుతుంది, రెండోదాంట్లో దాదాపు ఒకే మందంలో సాగుతుంది. పేర్లు ఇంగ్లిష్ నుంచి వచ్చాయి గానీ తేడా మాత్రం మన కలం తిరిగే తీరుది.

బండలన్నకు నేను మొదట చూపించింది రామభద్ర హెడ్డింగ్, మండలి పేరా. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర బాగా లావు, బోర్డు రాసే ఆర్టిస్టు కుంచెతో దిద్దినట్టుంటుంది. అది అష్టదిగ్గజాల్లో అయ్యలరాజు రామభద్రుడి పేరు. ఒంటిమిట్ట ప్రాంతం కవి అని మేము గొప్పగా చెప్పుకుంటాం కాబట్టి బండలన్న ముందే సగం ఒప్పుకున్నాడు. మండలి ఫాంట్‌కి ఆ పేరు ఒకప్పటి మంత్రి మండలి వెంకట కృష్ణారావు గారిది. వార్తల కోసమని చేసింది, పేరాలో పెడితే కంటికి శ్రమ లేదు.

చూడ్డానికి జోడీ కుదిరింది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ రెండింటిలోనూ ఉన్నది ఒక్కొక్క మందమే. పేరాలో ఒక మాట బోల్డ్ చేయమంటే, ఫాంట్‌లో బోల్డ్ లేదు కాబట్టి బ్రౌజరే అక్షరాన్ని బలవంతంగా ఉబ్బిస్తుంది. ఇంగ్లిష్‌లో అది కొంతవరకు దాగుతుంది. తెలుగులో ‘ఘ’, ‘ఝ’ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ‘థ’ కడుపులోని చుక్క గోడకు అంటుకుని మాయమవుతుంది, ‘కథ’ ‘కధ’ అయి కూర్చుంటుంది. అసలే ఆ మాటను సరిగ్గా రాసేవాళ్లు తక్కువ, మనం ఇంకా ఎందుకు సాయం చేయడం? బండల సైజులు, మందం, రవాణా షరతులు అన్నీ ఎక్కడో ఒకచోట బోల్డ్ కావాల్సినవే. అందుకని ఈ జోడీ పక్కకు పోయింది. పెళ్లి శుభలేఖ లాంటి పేజీకో, ఒకే ఒక్క పెద్ద శీర్షిక ఉన్న పోస్టరుకో అయితే ఇప్పటికీ నాకు ఇదే ఇష్టం.

రెండో దారి, జోడీయే వద్దు, మందాలు చాలా ఉన్న ఒకే కుటుంబం తీసుకుని హెడ్డింగ్ లావుగా, పేరా మామూలుగా పెట్టడం. దీనికి ముగ్గురు పోటీదారులు: నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు. హింద్ గుంటూరు ఇండియన్ టైప్ ఫౌండ్రీ అనే ఫాంట్ల కంపెనీ వాళ్లది, లైట్ నుంచి బోల్డ్ దాకా ఐదు మందాలు. మెనూలకు, చిన్న సైజు అక్షరాలకు శుభ్రంగా ఉంటుంది. కానీ పెద్ద హెడ్డింగులో పెడితే కొంచెం ఆఫీసు కాగితం లాగా అనిపించింది నాకు. నోటోకి మందాలకు లోటు లేదు, ఏ ఒత్తు దగ్గరా తడబడదు, నమ్మకస్తుడు. నమ్మకస్తుడే గానీ ముఖంలో ఏ భావమూ ఉండదు.

అనేక్ ఈ ముగ్గురిలో చిన్నవాడు, 2022లో వచ్చింది, ఏక్ టైప్ వాళ్లు చేశారు. మందంతో పాటు వెడల్పు కూడా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఫోన్లో హెడ్డింగ్ ఒక లైన్లో పట్టకపోతే సైజు తగ్గించకుండా అక్షరాన్ని కొంచెం బక్కపలచగా చేస్తే సరిపోతుంది. తెలుగు మాటలు ఎంత పొడుగో తెలిసిందే కదా, ‘సంప్రదించవలసిన’ అనే ఒక్క మాటే చిన్న ఫోన్‌లో సగం లైను తినేస్తుంది. బండలన్న విషయంలో ఇంకో లాభం కూడా కనిపించింది. ఆయన కొనుగోలుదారుల్లో కన్నడం వాళ్లు, తమిళం వాళ్లు ఉన్నారు. అనేక్ పది లిపుల్లో ఉంది, తొమ్మిది మన దేశం లిపులు, ఒకటి ఇంగ్లిష్ అక్షరాలది. రేపు కన్నడ పేజీ పెడితే ఇల్లు మారినట్టు కాకుండా పక్క గదిలోకి వెళ్లినట్టుంటుంది. నోటో కూడా ఈ లిపులన్నిటిలో ఉంది, కాదనను. బండల పేజీకి కావలసిన మొరటుతనం మాత్రం అనేక్ బోల్డ్‌లోనే దొరికింది.

అసలు ఏ ఫాంటూ దించకుండా ఫోన్లో ఉన్నదాంతోనే నడిపిస్తే? ఇది తీసిపారేసే ఆలోచన కాదు. ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ, ఆపిల్ ఫోన్లలో కోహినూర్ తెలుగు ఎలాగూ ఉంటాయి. ఇంగ్లిష్ ఫాంట్‌కి పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, అంకెలు, గుర్తులు గీస్తే పని అయిపోతుంది. తెలుగు ఫాంట్‌లో గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు వందల కొద్దీ గీయాలి కాబట్టి ఫైలు బరువు. సిగ్నల్ సరిగ్గా అందని ఊళ్లో తెరిచేవాడికి ఈ బరువు తెలుస్తుంది. ధరల పట్టీ తప్ప ఇంకేమీ లేని సైటైతే నేను ఈ దారే పడతాను. ఒక్క ఇబ్బంది, ఒక్కో ఫోన్లో లైన్లు ఒక్కో చోట విరుగుతాయి, డిజైన్ చేసినవాడి పరువు కొంచెం పోతుంది.

చదవడానికే వచ్చే సైట్ల లెక్క వేరు. ప్రొద్దుటూరులో ఒక మిత్రుడు కథలు, వ్యాసాలు పెట్టే సైట్ నడుపుతాడు. అక్కడ అనేక్ పెడితే అరగంట చదివాక కళ్లు లాగుతున్నాయన్నాడు. సురన్న, నోటో సెరిఫ్ తెలుగు, తీరో తెలుగు మూడూ పెట్టి చూశాం. సురన్న అందమైనదే, కానీ మళ్లీ ఒకే మందం. తీరోలో మామూలు, వాలు అక్షరాలు రెండూ ఉన్నాయి, బోల్డ్ లేదు. అయినా కథకి బోల్డ్ ఎందుకు? మన పాత గ్రంథాలను ఇంగ్లిష్ అనువాదంతో వేసే మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం చేసిన అక్షరాల నుంచి పుట్టింది తీరో. ఆ వరసలో 2015లో వచ్చిన మొదటి విడత పుస్తకాల్లోనే అల్లసాని పెద్దన మనుచరిత్ర ఉంది. పెద్దనకు రాయలవారిచ్చిన అగ్రహారం కోకటం మా జిల్లాలోదే. ఈ సంగతి చెప్పాక మిత్రుడు ఇంకేమీ వినలేదు, తీరోయే ఖాయం చేశాడు. వ్యాసాల్లో ఉపశీర్షికలకు మాత్రం నోటో సాన్స్ సెమీబోల్డ్ పెట్టాను. గీతలో లావు సన్నం ఉన్న పేరాకి, సమానమైన గీత ఉన్న శీర్షిక. నేను చూసిన జోడీల్లో నిజంగా జోడీ అనిపించింది ఇదొక్కటే.

తెలుగు లైన్ మధ్యలో ఇంగ్లిష్ మాట వస్తే ఏమవుతుందో కూడా చూసుకోవాలి. బ్రౌజర్ ఫాంట్‌ని అక్షరం అక్షరానికీ వెతుకుతుంది. సీఎస్‌ఎస్ (పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే కోడ్) వరసలో ముందు తెలుగు ఫాంట్ రాస్తే అందులోని ఇంగ్లిష్ అక్షరాలే వస్తాయి, అవి బాగున్నా బాగులేకున్నా. ముందు ఇంగ్లిష్ ఫాంట్, తర్వాత తెలుగు ఫాంట్ రాస్తే దేనికది వస్తుంది. కానీ అప్పుడు అంకెలు, కామాలు, చుక్కలు కూడా ఇంగ్లిష్ ఫాంట్‌వే అవుతాయి. ధరల పట్టీలో ‘చదరపు అడుగు’ పక్కన అంకె మరీ పెద్దగా కనిపిస్తే కారణం ఇదే. అనేక్, హింద్ లాంటివాటిలో రెండు లిపులూ ఒకే చేతి మీదుగా వచ్చాయి కాబట్టి ఈ బాధ తక్కువ.

జోడీతో సంబంధం లేకపోయినా ఇక్కడే చెప్పేస్తాను. డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్ (ఏ ఫోనైనా, కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల సంకేతం) కాదు, తెచ్చి సైట్లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు మార్చుకోవాలి. మార్చాక ‘వెబ్‌సైట్’ లాంటి మాటలు ఒకసారి వెతకండి, పొల్లు పోయి ‘వెబ్సైట్’ అయి ఉంటుంది. అది ఫాంట్ తప్పు కాదు, మధ్యలో కనపడని జీరో విడ్త్ అక్షరం పడలేదన్నమాట. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్ తెలుగు మీద వాడకండి. పేరాని రెండు వైపులా సమానంగా సర్దడం కూడా వద్దు, మన పొడుగు మాటలకు మధ్యలో కాలవలు తవ్వినట్టుంటుంది.

బండలన్న సైట్లో ఇప్పుడున్నది అనేక్ ఒక్కటే, హెడ్డింగుకి ఎక్స్‌ట్రాబోల్డ్, పేరాకి రెగ్యులర్. రామభద్రను పూర్తిగా వదల్లేక పైన షాపు పేరుకి మాత్రం ఉంచాను. బటన్ ఎత్తు పెంచి, ర ఒత్తుకి కింద చోటు వదిలి లింకు పంపాను. కాసేపటికి జవాబొచ్చింది. “ఇప్పుడు సరిపాయ. బోర్డు మీద కూడా ఇదే అక్షరం పెట్టిద్దాం, ఆర్టిస్టుకి యాడ దొరుకుతుందో చెప్పు.”