బెంగళూరులో అద్దె మేలా, సొంత ఫ్లాటు మేలా?

మారతహళ్లి, కేఆర్ పురం వైపు అద్దెకుండే మనవాళ్లకు ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా ఒకటే పోరు. "ఇంకెన్నాళ్లురా ఆ అద్దె కొంప? అదే డబ్బు ఈఎంఐ కడితే ఇల్లు మనదవుతుందిగా!" అదే డబ్బయితే ఎవరు మాత్రం కాదంటారు?

వైట్‌ఫీల్డ్ దగ్గర కోటి రూపాయల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు అనుకుందాం. అలాంటిదే అద్దెకు 35 వేలు. 20 లక్షలు చేతిది పెట్టుకుని 80 లక్షలు లోన్ తీసుకుంటే, 8 శాతం వడ్డీ మీద 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 67 వేలు. మొదటి నెల అందులో 53 వేలు వడ్డీకే సరి, అసలు తగ్గేది 14 వేలలోపు. మెయింటెనెన్స్ అడుగుకు 5 రూపాయల లెక్కన 1,200 అడుగులకు ఇంకో 6 వేలు. అద్దె కట్టడమంటే డబ్బు గంగలో పోయడమే అనేవాళ్లు, ఈ 59 వేలు ఎందులో పోసినట్టో చెప్పరు. పైగా రిజిస్ట్రేషన్! 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో ఆ ఫీజు 1 శాతం నుంచి 2 శాతమైంది. స్టాంపు డ్యూటీ, సెస్సులు కలిపితే ఏడున్నర శాతం దాటుతుంది. అదీ చేతి డబ్బే.

అలాగని అద్దె అక్కడే ఆగదు. ఏటా 5 శాతం పెంచితే 35 వేలు పదేళ్లకు 57 వేలవుతుంది. ఈఎంఐ పెద్దగా కదలదు, ఈలోపు ఫ్లాటు ధర పెరిగితే లాభం మనదే. అయితే పెరిగేది నేల ధర, గోడలది కాదు. పెద్ద టవర్లో మన వాటాకొచ్చే నేల ఎంతని? వడ్డీ కూడా మన చేతిలో లేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. చాలామందికి ఈఎంఐ పెరగలేదు కానీ, లోన్ తీరే ఏడాది రిటైర్మెంట్ అవతలికి జరిగింది.

ఇక తలనొప్పులు. అద్దెవాడికి అవి ఒక్కసారిగా వచ్చిపడతాయి. "నాన్‌వెజ్ వండుతారా?" అన్న ప్రశ్నతో మొదలు. ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగేవాళ్లు, ఇప్పుడు ఐదారు నెలలకు దిగినచోట్లూ ఉన్నాయి. వడ్డీ లేకుండా రెండు లక్షలు ఓనరు దగ్గరే. ఖాళీ చేసేటప్పుడు గోడకు మేకు ఒక్కటి కనబడకపోయినా పెయింటింగ్ కింద నెల అద్దె కోత. అగ్రిమెంటు 11 నెలలు. ఓనరు కొడుకు అమెరికా నుంచి వస్తున్నాడంటే సామాను సర్దుకోవాల్సిందే, పిల్లల స్కూలు ఏడాది మధ్యలో ఉన్నా సరే. నా లెక్కలో డబ్బు కంటే ఇదే పెద్ద కష్టం.

సొంతదారుడికి చిన్నచిన్నవి, రోజూ. పై ఫ్లాటు బాత్రూమ్ నీరు మన సీలింగ్‌లో దిగుతుంటే, పైవాళ్లు, బిల్డరు, అసోసియేషన్ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. అద్దెవాడైతే ఓనరుకు ఫోటో పంపి ఊరుకుంటాడు. "ఇల్లు కట్టి చూడు" అన్న పెద్దలు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూడలేదు, అదృష్టవంతులు.

అన్నిటికంటే అధ్వానం మాత్రం కడుతున్న ఫ్లాటు కొనడం. 5 శాతం జీఎస్టీ, ప్రీ-ఈఎంఐ (ఫ్లాటు చేతికొచ్చేదాకా కట్టే వడ్డీ), దాంతోపాటు ఇప్పుడున్న ఇంటి అద్దె. బిల్డరు ఎంత ఆలస్యం చేస్తే అంతకాలం ఆ వడ్డీ, అద్దె రెండూ కట్టాలి.

ఉద్యోగం మారితే హైదరాబాద్ వెళ్లే ఆలోచన కాస్తయినా ఉంటే అద్దెకే ఉండండి. పిల్లల చదువుకని పదేళ్లు ఇక్కడే అని తేలిపోయి, ఈఎంఐ జీతంలో మూడో వంతు దాటకపోతే, పూర్తయిన ఫ్లాటు కొనడంలో తప్పు లేదు. ఈ-ఖాతా (కార్పొరేషన్ ఆస్తి రికార్డు), ఓసీ (భవనంలో ఉండొచ్చన్న సర్టిఫికెట్) చూశాక వాచ్‌మన్‌తో ఓ మాట మాట్లాడండి. కావేరి నీటి కనెక్షన్ ఉందా, ఏప్రిల్‌లో రోజుకెన్ని ట్యాంకర్లు దించారని. సేల్స్‌వాళ్లు చెప్పనిది అతను చెప్తాడు.