తొమ్మిది గిల్డర్ల తాత కోసం: హేగ్, మిడెల్‌బర్గ్, భీమిలి

మా అత్తగారింట్లో ఒక కథ ఉంది. వాళ్ల వంశంలో ఏడెనిమిది తరాల కిందట ఒకాయన కెప్టెన్‌గా జావా వెళ్లి, బాగా సంపాదించి, అక్కడే చనిపోయాడట. క్రిస్మస్ భోజనాల్లో పదేళ్లుగా వింటున్నాను. పోయినేడాది మా ఆయన, "ఈ కథ ఎంతవరకు నిజమో తేల్చేద్దాం" అన్నాడు. మేం ఉండేది ఐండ్‌హోవెన్‌లో. సెలవు పెట్టి బయల్దేరాం. ఎక్కడ టైం పెట్టొచ్చో, ఎక్కడ దండగో తెలిసింది కాబట్టి రాస్తున్నాను. నెదర్లాండ్స్‌లో స్థిరపడిన మనవాళ్లలో డచ్ కుటుంబాల్లోకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. ఎవరికైనా పనికొస్తుంది.

మొదట చేసిన తప్పు చెప్తాను. ఇంటర్నెట్‌లో వెతికి ఒక వంశవృక్ష సేవకు డబ్బు కట్టాం. ఆరు వారాల తర్వాత రెండు పేజీలు పంపారు. అది డచ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల ఉచిత సూచికలోంచి తీసిన ప్రింటవుటే. ఆ కంపెనీని ఇక్కడ అందరూ వీఓసీ అంటారు. 1700 నుంచి 1794 వరకు ఓడెక్కినవాళ్ల పేర్లు, ఊరు, ఓడ, హోదా, ఉద్యోగం ముగిసిన కారణం అన్నీ ఆ సూచికలో ఉంటాయి. ఏడు లక్షలకు పైగా నమోదులు, పైసా కట్టక్కర్లేదు. కాబట్టి ముందు అది మీరే చూసుకోండి. పేర్ల స్పెల్లింగు రకరకాలుగా ఉంటుంది, ఓపిక కావాలి. మా తాత పేరు నాలుగో స్పెల్లింగులో దొరికింది. హోదా దగ్గర కెప్టెన్ అని లేదు, సైనికుడు అని ఉంది. చనిపోయిన చోటు: ఆసియా. అంతే.

హేగ్‌లో నేషనల్ ఆర్కైవ్స్ సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉంది, సూట్‌కేసు లాక్కుంటూ నడిచి వెళ్లొచ్చు. ప్రవేశం ఉచితం. బ్యాగులు లాకర్లో పెట్టి, పెన్సిలూ ల్యాప్‌టాపూ పట్టుకుని రీడింగ్ రూంలోకి వెళ్లాలి. ఇక్కడి వీఓసీ కాగితాలు అరల్లో పేరిస్తే కిలోమీటరు దాటుతాయి. యునెస్కో 2003లో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. తాత జీతం పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చూడాలని నాకు ఎంతో ఉండేది. కానీ స్కాన్ అయినవాటి అసలు పుస్తకం మామూలుగా ఇవ్వరు, తెరమీదే చూడాలి. "ఆ తెర మనింట్లోనూ ఉందిగా" అన్నాడు మా ఆయన. నిజమే. అయినా వెళ్లడం మంచిదైంది. మూడు వందల ఏళ్ల నాటి ఆ గొలుసుకట్టు రాతను చదవడం డచ్చివాళ్లకే చేతకాదు. కౌంటర్‌లో కూర్చున్న పెద్దాయన కుదించి రాసిన మాటలను విడదీసి చెప్తూ మాతో అరగంట కూర్చున్నారు.

జీతం పుస్తకంలో ఒక్కో మనిషికి ఒక ఖాతా. ఎడమవైపు బాకీలు, కుడివైపు జమలు. మా తాత జీతం నెలకు తొమ్మిది గిల్డర్లు (అప్పటి డచ్ డబ్బు). ఎడమవైపు మొదటి పద్దే 150 గిల్డర్ల అప్పు పత్రం. ఓడ బయల్దేరేదాకా తిండీ పడకా ఇచ్చి, పెట్టె, బట్టలు కొనిపెట్టిన సత్రంవాడి దగ్గర రాసిచ్చినది అది. అలాంటివాళ్లను జనం ఆత్మలమ్మేవాళ్లు అనేవారట. లెక్క వేసుకున్నాను: ఓడెక్కకముందే పదహారు నెలల జీతం మించిన అప్పు! కెప్టెన్ కథ అక్కడితో సరి.

దాని కింద ఇంకో పద్దు ఏటేటా కనబడుతుంది. దాన్ని నెలపత్రం అంటారు. ఊళ్లో ఉన్న భార్యకో తల్లికో ఏడాదికి మూడు నెలల జీతం ఇవ్వమని రాసే ఏర్పాటు. మా తాత భార్య పేరున రాశాడు. ఆవిడ ఏటా వచ్చి 27 గిల్డర్లు తీసుకున్నట్టు నాలుగు సార్లు రాసుంది. నాలుగోసారి తీసుకున్న తేదీకి ఆయన చనిపోయి ఐదు నెలలైంది. కబురు ఇంకా సముద్రంలోనే ఉంది. ఆ వరుస దగ్గర మా ఆయన చాలాసేపు స్క్రోల్ చెయ్యలేదు. చివర్లో చనిపోయినవాడి సామాను వేలం వేస్తే వచ్చిన సొమ్ము కుడివైపు జమ. ఖాతా మూసేసినచోట ఒక్క మాట: కోరమాండల్.

జావా కాదు! పెద్దాయన మ్యాప్ తీస్తుంటే, "అక్కర్లేదు సార్, అది మా ఊరు" అన్నాను. ఆయన నన్నూ, మా ఆయన్నూ మార్చి మార్చి చూశారు.

కోరమాండల్ అంటే మన తూర్పు తీరం. అందులో ఎక్కడ? బందరు, నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ పక్క జగన్నాయక్‌పూర్, భీమిలి, పులికాట్: కంపెనీ అన్నిచోట్లా ఉండేది. దానికి మందు, ఏ స్థావరంలో ఎవరున్నారో ఏటా రాసి పంపిన హాజరు పట్టీలు. అవీ ఇక్కడే దొరుకుతాయి. మూడు పట్టీల్లో మా తాత భీమునిపట్నం కింద ఉన్నాడు, నాలుగోదాంట్లో లేడు. మా పుట్టిల్లు మధురవాడ. చిన్నప్పుడు ఆదివారాలు బస్సెక్కి వెళ్లిన ఊరు.

హేగ్‌లో బస ఖరీదే. స్టేషన్ దగ్గర బిజినెస్ హోటల్లో రెండు రాత్రులు ఉన్నాం. గది అగ్గిపెట్టె, కానీ నడక కలిసొచ్చింది. భోజనానికి మాత్రం సురినామీ రోటీ కొట్టుకు వెళ్లండి. భారతదేశం నుంచి సురినామ్‌కు కూలీలుగా వెళ్లినవాళ్ల వారసులు హేగ్‌లో చాలామంది ఉన్నారు. పెద్ద రోటీ, బంగాళదుంప కూర, పొడుగు చిక్కుళ్లు, గుడ్డు. ఆవకాయ లేదన్న లోటు తప్ప ప్రాణం లేచొచ్చింది.

తర్వాత మిడెల్‌బర్గ్, తాత సొంతూరు. జీలాండ్ రాష్ట్ర ఆర్కైవ్స్ 1765 నాటి భవనంలో ఉంది, చూడ్డానికి రాజసంగా ఉంటుంది. మా పని మాత్రం అక్కడ కాలేదు. నెపోలియన్ కాలంలో 1811లో జనన మరణాల రిజిస్టర్లు మొదలయ్యేముందు ఆధారం చర్చి పుస్తకాలే. ఈ ఊరి మీద 1940 మే 17న దాడి జరిగినప్పుడు లేచిన మంటల్లో జీలాండ్ చర్చి పుస్తకాలు చాలావరకు బూడిదయ్యాయి. మా తాత బాప్తిస్మం, పెళ్లి రెండూ అందులోనే పోయాయి. సిబ్బంది ఈ సంగతి మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పారు, అది మంచి గుణం. మీవాళ్లూ జీలాండ్ వాళ్లైతే, వెళ్లేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో ఏం మిగిలిందో చూసుకుని వెళ్లండి.

ఊరు మాత్రం ముచ్చటైనది. లాంగె యాన్ గోపురం 207 మెట్లు ఎక్కాం. ఆకాశం తేటగా ఉంటే సముద్రం దాకా కనిపిస్తుంది. బోలస్ అని దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె తినాలి, పాకం గవ్వల్లా వేళ్లకు అంటుకుంటుంది. బస విషయంలో మోసపోయాం. కాలువ పక్కన పాత ఇంట్లో గది, ఫోటోల్లో అద్భుతం. మెట్లు అని వాళ్లు రాసింది మన ఇళ్లలో అటక ఎక్కే నిచ్చెన. అత్తగారు మాతో వచ్చారు, డెబ్బై దాటిన మనిషి. రాత్రంతా ఆవిడ బాత్రూంకి దిగుతారేమోనని నాకు టెన్షన్. పెద్దవాళ్లుంటే కింద అంతస్తు గది అని రాయించుకోండి. తెల్లారి టాక్సీలో రామెకెన్స్ కోటకు వెళ్లాం, ఈ ఊరి ఓడలు లంగరెత్తింది దాని ముందే. గాలికి చెవులు నొప్పెట్టాయి. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు కానీ అత్తగారు కట్ట మీద నుంచి త్వరగా రాలేదు.

జనవరిలో వైజాగ్ వచ్చినప్పుడు భీమిలి వెళ్లాం. బీచ్ రోడ్డు మీద తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు కలుపుకుంటే ఒక పూట. డచ్చి సమాధుల తోటకు పొద్దున్నే వెళ్లండి, నీడ తక్కువ, నీళ్లు మీరే తెచ్చుకోవాలి. కోసుగా, గుండ్రంగా ఇటుక కట్టడాలు, కొన్నిటి మీద పలకలు. మేకలు కాస్తున్న ముసలాయన ఒకాయన, "ఏటమ్మా, దొరల గోరీలా? ఎవుల కోసం?" అని అడిగాడు. మా ఆయన్ని చూపించి సంగతి చెప్పాను. "పేరు దొరికిందేటి?" అన్నాడు. దొరకలేదు. దొరుకుతుందని నేనూ అనుకోలేదు. పలకలన్నీ అధికారులవి, వాళ్ల భార్యలవి. తొమ్మిది గిల్డర్ల వాడికి రాయి ఎవరు చెక్కిస్తారు? చెక్కడాలే చూడాలనుకుంటే బందరు, పులికాట్ సమాధులు ఇంకా బాగుంటాయి. పులికాట్‌లో గేటుకు రెండు అస్థిపంజరాలు చెక్కి ఉంటాయి, పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

మొత్తం మీద చేతిలో మూడు రోజులే ఉంటే రెండు హేగ్‌కు ఇవ్వండి. జీతం పుస్తకం చెప్పినంత ఏ సమాధీ చెప్పలేదు.

అత్తగారు ఇప్పుడు తాత సంగతి అడగడం లేదు, ఆవిడ సంగతి అడుగుతున్నారు. అదే, నాలుగోసారి వచ్చి 27 గిల్డర్లు తీసుకెళ్లిన ఆవిడ. మళ్లీ పెళ్లి చేసుకుందా, పిల్లల్ని ఎలా పెంచింది? వేసవిలో మళ్లీ మిడెల్‌బర్గ్ వెళ్తున్నాం. ఈసారి గది కింద అంతస్తులోనే, రాతపూర్వకంగా.