ఇవాన్స్‌విల్‌లో ఇనుప పంటు: ఎల్‌ఎస్‌టీ-325 చూసొచ్చాం

ముందే చెప్పేస్తున్నా, ఇండియానాపోలిస్ నుంచి ఇవాన్స్‌విల్ వెళ్తే గడియారం గంట వెనక్కి జరుగుతుంది. అమెరికాలోని ఇండియానా అనే ఒకే రాష్ట్రంలో రెండు టైమ్‌జోన్లు. ఐ-69 మీద మూడు గంటలు డ్రైవ్ చేసి తొమ్మిదిన్నరకు చేరామనుకుంటే, అక్కడ ఎనిమిదిన్నరే. మేం చూడబోయిన రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ, ఎల్‌ఎస్‌టీ-325, గేటు ఇంకా తీయలేదు. ఒహాయో నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని, మా ఆవిడ కట్టి తెచ్చిన పులిహోర అక్కడే లాగించేశాం.

మా నాన్నది సఖినేటిపల్లి. విశాఖ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. వేసవికి మా దగ్గరికి వస్తే నయాగరా చూపించాం, షికాగో చూపించాం. రెండింటికీ "బాగుందిరా" అని ఊరుకున్నారు. ఈ ఓడ దగ్గర మాత్రం ఆయన్ని వెనక్కి తేవడానికి మధ్యాహ్నం దాటింది.

ఎల్‌ఎస్‌టీ అంటే ల్యాండింగ్ షిప్, ట్యాంక్. రేవు లేని చోట కూడా ఒడ్డుకే వచ్చి, ముక్కు దగ్గర తలుపులు తెరిచి, ర్యాంపు దించి, యుద్ధ ట్యాంకుల్ని ఇసుక మీదికి వదిలే ఓడ. లోపల ట్యాంక్ డెక్ మీద నిలబడి ఆ ర్యాంపు వైపు చూసి నాన్న అన్న మొదటి మాట: "ఇది మన పంటే కదరా!" నరసాపురం రేవులో బండ్లనీ జనాన్నీ ఎక్కించుకుని గోదావరి దాటించే బల్లపరుపు పడవ, అదే పంటు, చూసినవాళ్లకి ఇక వేరే వివరణ అక్కర్లేదు. కాకపోతే ఈ పంటు పొడవు 328 అడుగులు, వెడల్పు 50. అడుగు బల్లపరుపు. నడిసముద్రంలో నిలకడ కోసం బలాస్ట్ ట్యాంకుల్లో నీళ్లు నింపుకుంటుంది, ఒడ్డు దగ్గరపడ్డాక తోడేసి తేలికవుతుంది. వచ్చేటప్పుడే వెనక ఒక లంగరు వదిలేస్తుంది. సరుకు దించాక ఆ తాడునే విన్చ్‌తో చుట్టుకుంటూ తనను తాను వెనక్కి లాక్కుంటుంది. గైడ్ ఇది చెబుతుంటే నేను తెలుగులో చెప్పబోయాను. నాన్న చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు, నాకన్నా ముందే ఆయనకు అర్థమైపోయింది.

వేగం మాత్రం 12 నాట్లు, అంటే గంటకు సుమారు 22 కిలోమీటర్లు, అదీ గట్టిగా తోలితే. అందుకే సిపాయిలు ఎల్‌ఎస్‌టీ అంటే 'లార్జ్ స్లో టార్గెట్' అని నవ్వుకునేవారట. పెద్దది, నెమ్మదిది, శత్రువు గురి తప్పనిది!

దీని సర్వీసు చరిత్ర చిన్నది కాదు. ఫిలడెల్ఫియా నేవీ యార్డులో కట్టి 1942 అక్టోబరులో నీళ్లలోకి దించారు. 1943లో ఇటలీలోని సిసిలీ, సలెర్నో దాడుల్లో ఉంది. ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో మిత్రదేశాల సేనలు దిగిన డి-డే మర్నాడు, 1944 జూన్ 7న, 59 వాహనాలతో ఒమాహా బీచ్ చేరింది. తర్వాతి నెలల్లో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య 40కి పైగా ట్రిప్పులు వేసింది. ఆ డిసెంబరు 28న 'ఎంపైర్ జావెలిన్' అనే రవాణా ఓడ మునిగిపోతుంటే సుమారు 700 మంది సైనికుల్ని ఎక్కించుకుని కాపాడింది. యుద్ధమయ్యాక ఆర్కిటిక్ వైపు రాడార్ కేంద్రాల కట్టడానికి సరుకు మోసింది. 1964లో గ్రీసు నౌకాదళానికి వెళ్లి 'సిరోస్' అనే పేరుతో 1999 దాకా పనిచేసింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఆ తర్వాతిది. 2000లో కొందరు మాజీ నావికులు గ్రీసు వెళ్లి, తుప్పు గీకి, ఇంజన్లు బాగుచేసుకుని, ఈ ఓడను సొంతంగా నడుపుకుంటూ బయల్దేరారు. సగటు వయసు 72. క్రీట్ నుంచి జిబ్రాల్టర్ మీదుగా అట్లాంటిక్ దాటి, సుమారు 6,500 మైళ్లు వచ్చి, 2001 జనవరి 10న అలబామాలోని మొబీల్ రేవు చేరారు. "డెబ్బై రెండా? అంటే నాకన్నా రెండేళ్లు పెద్ద," అన్నారు నాన్న. మోకాళ్ల నొప్పని కింద ఆగుదామనుకున్న మనిషి, ఆ మాటతో నిచ్చెనలాంటి మెట్లెక్కి, ఓడను నడిపే గది వీల్‌హౌస్ దాకా వచ్చేశారు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం ఆలోచించుకోండి, ఆ మెట్లు నిజంగానే నిటారుగా ఉంటాయి.

ఈ ఓడ ఇవాన్స్‌విల్‌లో కట్టింది కాదు గానీ, యుద్ధకాలంలో ఈ ఊరి యార్డులో 167 ఎల్‌ఎస్‌టీలు తయారయ్యాయి. నది ఇరుకు కాబట్టి వాటిని పక్కవాటుగా నీళ్లలోకి తోసేవారు. అందుకే ఇది 2005 నుంచి ఇక్కడే ఉంటోంది.

రెండేళ్ల క్రితం మిషిగన్‌లోని మస్కీగన్ వెళ్లినప్పుడు ఎల్‌ఎస్‌టీ-393 కూడా చూశాం. అది యుద్ధం తర్వాత 'హైవే 16' అని పేరు మార్చుకుని, లేక్ మిషిగన్ మీద మిల్వాకీకి కొత్త కార్లు చేరవేసేది. లోపల వస్తువుల ప్రదర్శన బాగా ఎక్కువ. అదే ఊళ్లో సిల్వర్‌సైడ్స్ సబ్‌మెరైన్ కూడా ఉంది, సరస్సులో పిల్లలు ఆడుకోవచ్చు. ఫ్యామిలీతో రెండు రోజుల ట్రిప్పుకి అదే నయం. కానీ ఓడ కోసమే వెళ్తే నా ఓటు 325కే. ఇది ఇప్పటికీ నడిచే ఓడ, లోపలికెళ్తే డీజిల్ వాసన వస్తుంది. ఏటా సీజనులో కొన్ని వారాలు నది మీద వేరే ఊళ్లకు వెళ్తుంది కాబట్టి బయల్దేరే ముందు ఓడ ఊళ్లో ఉందో లేదో చూసుకోండి.

బస సంగతికొస్తే, డౌన్‌టౌన్‌లో ఓ హోటల్లో 'రివర్ వ్యూ' రూముకి ఎక్స్‌ట్రా కట్టాం. కిటికీ తీస్తే కార్ పార్కింగ్, దాని పైన వేలెడంత నది. అడిగితే "కనిపిస్తోంది కదా సార్" అన్నారు. బ్రేక్‌ఫాస్ట్ బాగుంది, ఏసీ రాత్రంతా గొణిగింది. ఓడ దగ్గరికి నడిచి వెళ్లొచ్చనే గానీ, లేకపోతే హైవే పక్క మోటళ్లే చవక. ఇండియన్ హోటల్లో పప్పు తినొచ్చు, బిర్యానీ జోలికి పోకండి. మర్నాడు మావాడి కోసం శాంటాక్లాజ్ అనే ఊళ్లో హాలిడే వరల్డ్ అనే థీమ్ పార్కుకి వెళ్లాం. అక్కడ కూల్‌డ్రింకులు, సన్‌స్క్రీన్, పార్కింగ్ అన్నీ ఫ్రీ. కథంతా రైడ్లే కాబట్టి దాని గురించి ఇంకేం రాయను.

వెళ్లేటప్పుడు కలిసొచ్చిన గంట తిరుగు ప్రయాణంలో పోయింది, ఇంటికొచ్చేసరికి పదకొండు. దారిలో నాన్న సఖినేటిపల్లికి వీడియో కాల్ చేసి అత్తయ్యతో నలభై నిమిషాలు మాట్లాడారు. నయాగరా ఊసు లేదు. "వెల్డింగు చూడాలే చెల్లాయ్, ఎనభై ఏళ్లయింది, చెక్కు చెదరలేదు!"